లాభం తర్వాతి అంకె

“ఎంతమందే?”

“ఇయ్యాల నిజంగా సరిపోయినారక్కా. నువ్వు పో.”

ఆమెకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. నేను మెట్ల పైన నిలబడి అడిగాను. తను కింద, ఈతకొలను గట్టు మీద నిలబడి చెప్పింది. ఆ హాల్లో ఏ మాట అన్నా ఎదురు గోడకు కొట్టుకుని తిరిగి వచ్చేది. “నువ్వు పో” అన్నది నాకు రెండుసార్లు వినిపించింది. నేను వెళ్లాను.

అమ్మడూ, ముందు ఇది రాయి. నేనెవరినో, ఏ ఊరిదాన్నో తర్వాత రాద్దువుగాని.

మా తమ్ముడి కూతురు వ్యాయామ విద్య చదువుతోంది. వాళ్ల కాలేజీ పిల్లలు ఒక పుస్తకం వేస్తున్నారట. పని చేసి చేసి మానుకున్న ఆడవాళ్ల చేత తలా ఒక అనుభవం చెప్పిస్తున్నారట. “అత్తా, నువ్వు సౌదీలో మా చదువు చదివే పిల్లల దగ్గరే పనిచేశావు కదా, చెప్పు” అని నాలుగు రోజులుగా నా కొంగు పట్టుకు తిరిగింది. నాకు రాయడం రాదు. పాస్‌పోర్టు కోసం నేర్చుకున్న సంతకం ఒక్కటే నా చదువు. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. నాది బండ గొంతు, మాటలూ అలాగే ఉంటాయి. భాష కావాలంటే సరిచేసుకో, సంగతి మాత్రం సరిచెయ్యకు అని ముందే చెప్పాను.

ఇందులో ఎవరి పేరూ చెప్పను. బతికున్నవాళ్లకు అది ఇబ్బంది. పోయినామెకు దాంతో పనిలేదు. ఒక్క సంగతి కోసం చెబుతున్నాను. ఆమె తనంతట తాను నీళ్లలోకి దిగి చనిపోయిందని కాగితం మీద రాశారు. ఎందుకు దిగిందో రాయలేదు. ఆ ఎందుకు అన్నది తెలియక ఆమె ఊళ్లో నోటికొచ్చినట్టు అనుకున్నారు. నాకు తెలియడానికి కూడా ఏడాది పట్టింది.

మా ఆయన గోదావరి జిల్లాలో ఒక రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. ఆయన పోయిన రెండేళ్లకు నేను సౌదీ విమానం ఎక్కాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. మొదట జెద్దాలో ఒక ఇంట్లో పని చేశాను. తర్వాత శుభ్రం చేసే కంపెనీకి మారి, రియాద్‌లో మలాజ్ వైపు ఒక కమ్యూనిటీ కాలేజీకి వచ్చాను. అది ఆడపిల్లల కాలేజీ. మనిషికి రెండింతలు ఎత్తున్న గోడలు, ఒకే గేటు. గేటు దాటి లోపలికొచ్చాక పైన వేసుకున్న నల్ల అబాయాలు తీసేసి పిల్లలు చిలకల్లా తిరిగేవాళ్లు.

అక్కడ రెండేళ్ల చదువు ఒకటి ఉండేది. పార్కులు, వినోదం, వ్యాయామం, మూడూ కలిపి ఒకే చదువు. ఆడవాళ్లకు మాత్రమే అని ఉండే పార్కుల్ని, వ్యాయామశాలల్ని రేపు నడిపేది ఈ పిల్లలే అన్నమాట. ఊయల కింద ఇసుక ఎంత లోతు ఉండాలో చదివేవాళ్లు. బెంచీ మీద ఎన్ని గంటలకు నీడ వస్తుందో గీతలు గీసేవాళ్లు. మనిషి నడిచాక గుండె ఎంత కొట్టుకుంటుందో చూడాలంటే మా చేతులే పట్టుకునేవాళ్లు. మూడు అంతస్తులు తుడిచి వచ్చిన నా మణికట్టు పట్టుకుని ఒక పిల్ల గడియారం చూసి, “ఖాలా, మీ గుండె నా గుండెకంటే గట్టిది” అంది. ఖాలా అంటే పిన్ని. ఆ పిల్లలు మమ్మల్ని అలాగే పిలిచేవాళ్లు.

కడప జిల్లానుంచి వచ్చినామె నాకంటే నెల ముందు ఆ కాలేజీలో చేరింది. వయసులో నాకంటే పదేళ్లు చిన్నది. ఊళ్లో తల్లి ఒక్కతే ఉంది. ఈ చదువు సంగతి నాకు మొదట చెప్పింది ఆమే.

“పార్కులో కూచోను చదువంట అక్కా రెండేండ్లు!”

“నిజవేనంటావా?”

“ఒట్టు. అట్లయితే మా ఊర్లో గొర్లు కాసేటోళ్లంతా పెద్ద చదువు చదివినట్టే.”

“నువ్వూ చేరవే. చీపురు నేను పట్టుకుంటాను.”

“నాకేంటికి? నేను గొర్లకాడనే పాసయినా.”

నిజంగానే చేరాం ఇద్దరమూ, ఒక లెక్కన. ఆ కాలేజీ నేలమాళిగలో ఒక ఈతకొలను ఉంది. శని, మంగళవారాల్లో పిల్లలకు అక్కడ నీళ్ల పాఠం ఉండేది. కాపలా ఉండే ఆడవాళ్లు ఆ రోజుల్లో అక్కడ దొరికేవాళ్లు కాదు. మగవాణ్ని ఆ మెట్లు దిగనివ్వరు. పాఠం చెప్పే టీచరమ్మ జోర్డాన్ మనిషి, గట్టిది. శుభ్రం చేసేవాళ్లలో ఇద్దర్ని ఎంచుకుని, నెల రోజులు పిల్లల వెనక వరసలో కూర్చోబెట్టి, కాపలా పాఠం మాకూ చెప్పింది. మా ఇద్దరికీ ఈత రాదు. ఆ మాటే చెప్పాం.

“ఈత రానక్కర్లేదు. లెక్క వస్తే చాలు” అంది టీచరమ్మ.

ఆ చదువులో నాకు అర్థమైన పాఠం ఇదే. తలుపు దగ్గర ఒక మనిషి, గట్టు మీద ఒక మనిషి ఉండాలి. తలుపు దగ్గరి మనిషి లోపలికి వెళ్లేవాళ్లను లెక్కపెట్టాలి. గట్టు మీది మనిషి నీళ్లలో తేలే తలలు లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ ఒకటి కావాలి. కాకపోతే మూడుసార్లు విజిల్ ఊది అందరినీ బయటికి తేవాలి. ఎవరైనా మునుగుతుంటే చెయ్యి అందించు, కర్ర అందించు, తేలే పలక విసురు. “లా తన్‌జిలీ” అనేది టీచరమ్మ ప్రతి పాఠం చివర, మా ఇద్దరి మొహాల్లోకి చూస్తూ. దిగొద్దు అని. ఈత రానివాళ్లు దిగితే ఒకరికి ఇద్దరు పోతారు.

తలుపు నాకు వచ్చింది. గట్టు ఆమెకు వచ్చింది, విజిల్ ఆమె మెడలో వేశారు. ఎర్ర తాడున్న విజిల్.

మొదటి రోజు మెట్ల దగ్గర తుడుస్తూ ఊరికే లెక్క అభ్యాసం చేస్తున్నాం. నేను కొక్కేలకు వేలాడే అబాయాలను చూస్తూ “లాభం” అని మొదలుపెట్టాను. మా ఆయన బస్తాలు దించేటప్పుడు మొదటి బస్తాను ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. నాకూ అదే అబ్బింది. ఆ మాట వినగానే ఆమె చీపురు పడేసి నా రెండు చేతులూ పట్టుకుంది.

“అక్కా, మీరు గూడా లాభం అంటారా?”

“అంటాం మరి. ఒకటి అని ఎవరంటారే?”

“మేమూ అంతే. శనక్కాయలు కొలిచేటప్పుడు మా అమ్మ లాభం అనంది శేరు ముట్టదు. అట్లయితే మనది ఒకటే ఊరక్కా!”

“తువ్వాళ్లు మాత్రం ఒకటీ రెండూ అని మడతపెడతావేంటే?”

“తువ్వాళ్లకేంటికి లాభం? గింజలకు, మనుషులకు చెప్పాల గాని.”

ఇద్దరం ఎంత నవ్వుకున్నామో. ఎక్కడి కడప, ఎక్కడి గోదావరి, ఆ ఎడారి దేశంలో నేలమాళిగలో ఒక్క మాట మమ్మల్ని అక్కాచెల్లెళ్లను చేసింది. ఆ మాట దగ్గరే ఆగిపోయాం. దాని తర్వాత ఏ అంకె వస్తుందని ఒకరినొకరం అడగలేదు. ఎందుకు అడుగుతాం?

ఆ హాలు గురించి చెప్పాలి. కిటికీలు లేవు. నీళ్ల అడుగున దీపాలుండేవి, వాటి వెలుగు కప్పు మీద పాకుతూ ఉండేది. నీళ్లలో ఎవరూ లేకపోయినా పాకుతూనే ఉండేది. గోడ పక్కన పన్నెండు కొక్కేలకు పన్నెండు నల్ల అబాయాలు. మెట్ల మీదనుంచి చూస్తే పన్నెండుమంది గోడకు మొహం పెట్టి నిలబడ్డట్టు ఉండేవి. తలుపు తీసినప్పుడు గాలికి అన్నీ ఒకేసారి కదిలేవి. వెనకవైపు పంపు గది ఉండేది. దాని గుండా బయటికి ఇంకో చిన్న తలుపు. మేం బకెట్లు మోసుకుని తిరిగే దారి అది. ఆ పంపు రోజంతా ముసలివాళ్లు నిద్రలో మూలిగినట్టు మూలిగేది.

మొదటి శనివారం నా దగ్గర పన్నెండుమంది లోపలికి వెళ్లారు. పావుగంట తర్వాత టీచరమ్మ లెక్క అడిగింది.

“పన్నెండు” అన్నాను పైనుంచి.

కింద ఆమె లెక్క ఇంకా తెమలలేదు. వంగి చూశాను. ఆమె వేలు ఆడిస్తూ పెదాలు కదుపుతోంది. మొహం తెల్లబడిపోయింది.

“పదకొండు” అంది. మూడుసార్లు విజిల్ ఊదింది.

పిల్లలంతా కేకలు వేస్తూ బయటికొచ్చారు. టీచరమ్మ బట్టలతోనే దూకి అడుగంతా వెతికింది. ఎవరూ లేరు. గట్టు మీద వరసగా నిలబెట్టి తను లెక్కపెట్టింది. పన్నెండుమంది ఉన్నారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. పిల్లలు నవ్వారు కూడా.

మంగళవారం మళ్లీ అంతే. నా లెక్క పన్నెండు, ఆమె లెక్క పదకొండు. ఆ పై శనివారమూ అంతే. నాలుగోసారి పిల్లలెవరూ నవ్వలేదు. నీళ్లలో ఒకరికొకరు దగ్గరగా జరిగి నిలబడేవాళ్లు. కాళ్లకు ఏదో తగిలిందని ఒకతె, చల్లటి ప్రవాహం పక్కనుంచి పోయిందని ఇంకొకతె. కింద జిన్ను, అంటే దయ్యం, ఉందని కాలేజీ అంతా పాకింది. ముదీరా, అంటే కాలేజీకి పెద్దావిడ, టీచరమ్మను పిలిచి కోప్పడింది.

ఆ రోజు సాయంత్రం గదిలో ఆమె అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

“ఏవైందే?”

“అక్కా, నీకొక మాట చెప్తా, భయపడొద్దు. ఆ బిడ్డలను గట్టు మీద నిలబెట్టి ఎంచినా నాకు పదకొండే వస్తాండారు.”

“అదేంటి? టీచరమ్మ పన్నెండు అంది కదా?”

“ఆయమ్మకు పన్నెండు, నీకు పన్నెండు. నాకే పదకొండు. ఆ పన్నెండు మందిలో ఒగరు నాకు కనపడలేదక్కా. ఎవురో తెలీదు. ఒగొగరి మొగమే చూస్తాండా. అందురూ కనపడతానే ఉండారు.”

నిజం చెప్పాలంటే ఆ పూట నేను ఆమెకు కాస్త ఎడంగా జరిగి పడుకున్నాను.

టీచరమ్మ ఆమెను కంటి డాక్టరు దగ్గరికి పంపింది. కళ్లు బాగానే ఉన్నాయన్నారు. తువ్వాళ్లు లెక్కపెట్టమంటే సరిగ్గా చెప్పేది, కుర్చీలూ సరిగ్గా చెప్పేది. మనుషుల దగ్గరే ఒకరు తగ్గేవాళ్లు. ఇంకోసారి ఉత్తుత్తి విజిల్ మోగితే గట్టు మీద మనిషిని మార్చి, ఆమెను ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తానంది ముదీరా.

అప్పుడు నేను ఒక తెలివైన పని చేశాను. నా బతుకులో నేను చేసిన తెలివైన పనులన్నీ ఇలాంటివే.

“ఒసే, నీకు ఎంత వచ్చినా పన్నెండు అని చెప్పు. నా లెక్క సరిగానే ఉంది కదా, నా అంకె నువ్వూ చెప్పు” అన్నాను.

“అది తప్పు గదక్కా?”

“ఇంటికి పోతావా మరి?”

ఆ తర్వాత నేను పైనుంచి “ఎంతమందే?” అనేదాన్ని. “సరిపోయినారక్కా” అనేది. ఆ మాటలో జీవం ఉండేది కాదు. నోట్లో పదకొండు పెట్టుకుని పన్నెండు చెప్పడం ఆమెకు ఎంత కష్టమో నేను పట్టించుకోలేదు. విజిల్ మోగడం లేదు, జిన్ను మాట తగ్గింది, ముదీరా నవ్వుతోంది. నాకు అది చాలు.

ఇంకో సంగతి. ఆ క్లాసులో పిల్లలు పదిహేనుమంది. నీళ్లలోకి దిగాలంటే తండ్రో అన్నో సంతకం చేసిన కాగితం ఉండాలి. పన్నెండుమందికి ఉంది. మిగిలిన ముగ్గురు నీళ్ల పాఠం జరిగినంతసేపు పై గదిలో కూర్చుని నోట్సు రాసుకునేవాళ్లు. వాళ్లలో ఒక పిల్ల గొంతు కాస్త బొంగురుగా ఉండేది. నేను గది తుడవడానికి వెళ్తే ప్రతిసారీ అదే ప్రశ్న.

“ఖాలా, నీళ్లు చల్లగా ఉంటాయా?”

“మొదట చల్లగా ఉంటాయి, తర్వాత ఉండవు” అని నాకొచ్చిన అరబీలో చెప్పేదాన్ని. నాకేం తెలుసు? నేనెప్పుడూ మోకాలి దాకా కూడా దిగలేదు.

ఆ మంగళవారం కూడా అన్ని మంగళవారాల్లాంటిదే. పన్నెండుమందిని లెక్కపెట్టి లోపలికి పంపాను. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు దగ్గర పడుతోంది, బయట బస్సులు నిలబడి ఉన్నాయి. ఆఖరి లెక్క అడిగాను. అప్పుడే ఆమె ఆ మాట అంది. ఇయ్యాల నిజంగా సరిపోయినారక్కా, నువ్వు పో. ఆ ‘నిజంగా’ విని నేనూ సంతోషించాను. నీళ్లకేసి చూశాను. అందరికీ ఒకే నల్ల టోపీలు, అన్నీ తడి తలలే. అందరూ మెట్ల వైపు ఈదుకుంటూ వస్తున్నారు. ఎన్నాళ్లకు దీని మొహం తేటపడింది అనుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లాను.

పిల్లలు తుడుచుకుని, అబాయాలు వేసుకుని, ఒక్కొక్కరే నా ముందునుంచి వెళ్లారు. పన్నెండు. కొక్కేలు అన్నీ ఖాళీ. టీచరమ్మ కూడా వెళ్లింది. నీళ్లలో పలకలు ఏరి, తాళ్లు చుట్టి రావడం ఆమె పని. నేను పైన కెటిల్‌లో నీళ్లు పెట్టాను.

టీ పోస్తుండగా విజిల్ వినిపించింది. ఒక్కసారి, పొట్టిగా. ఆపద అయితే మూడుసార్లు కదా. ఇన్నాళ్లకు లెక్క సరిపోయిందని సరదా పడుతోంది అనుకున్నాను. “ఊదవే ఊదు” అని నాలో నేను అనుకుని నవ్వాను కూడా. రెండో గ్లాసు పోశాను. అందులో పంచదార తనకు కావలసినట్టు ఎక్కువ వేశాను. టీ చల్లారిపోయింది. ఆమె రాలేదు.

కిందికి దిగాను. హాలు ఎప్పటిలాగే ఉంది. కప్పు మీద వెలుగు పాకుతోంది, పంపు మూలుగుతోంది. పలకలు సగం ఏరి గట్టు మీద పేర్చి ఉన్నాయి. పొడవాటి కర్ర అవతలి గోడకు అలాగే వేలాడుతోంది. ఒక జత చెప్పులు. నీళ్లు కదలడం లేదు. లోతు వైపు అడుగున మా కంపెనీ నీలం బట్టలు కనిపించాయి.

అరిచాను. ఎవరెవరో వచ్చారు. ఆ గోలలో కూడా ఒకటి చూశాను. లోతు వైపు నిచ్చెన దగ్గరనుంచి పంపు గది దాకా తడి అడుగులు. చిన్న పాదాలు. మధ్యలో ఒకచోట మోకాళ్ల మీద పడి పాకినట్టు గుర్తు. పంపు గదిలో గచ్చు గరుకు, అక్కడికి వచ్చేసరికి అడుగులు లేవు. బయటి తలుపు గడియ తీసి ఉంది. ఆ గడియ వేయాల్సింది నేనే. బకెట్లు మోసే చేతికి అడ్డమని నేనెప్పుడూ వేసేదాన్ని కాదు. ఆమె మెడలో విజిల్ కూడా లేదు.

ముదీరాకు ఆ అడుగులు చూపించాలని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసరికి ఆరిపోయాయి. ఆ దేశపు గాలి తడిని ఎంతసేపు ఉండనిస్తుంది?

విచారణకు వచ్చినవాళ్లు అన్నీ రాసుకున్నారు. లోపలికి వెళ్లింది ఎంతమంది? పన్నెండు. బయటికి వచ్చింది? పన్నెండు. నీళ్లలో ఆఖరి లెక్క? పన్నెండు, అని నా నోటితో నేనే చెప్పాను. అందరూ క్షేమంగా వెళ్లిపోయాక పనిమనిషి దిగొద్దన్న నీళ్లలోకి తనంతట తాను దిగింది అని రాశారు. కాగితం మీద ఒక్క అంకె కూడా తప్పు లేదు. తోటి పనివాళ్లేమో, ఆమెకు కనపడని ఆ ఒక్కరే ఆమెను పిలిచారన్నారు. నేను కూడా అదే నమ్మాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ తర్వాత ఆ మెట్ల దాపులకు వెళ్లలేదు. నీళ్లు ఖాళీ చేయించి హాలుకు తాళం వేశారు. అయినా తాళం వేసిన ఆ తలుపు ముందునుంచి వెళ్తుంటే లోపల “నువ్వు పో” అని వినిపించేది.

నా గడువు ముగిసి ఇంటికి వచ్చేముందు వారం, కాలేజీ గేటు దగ్గర ఊడుస్తున్నాను. మిట్టమధ్యాహ్నం, నీడ అన్నది లేదు. కళ్లు తప్ప ఏమీ కనపడని నల్ల బట్టల్లో ఒక పిల్ల వచ్చి నా ముందు నిలబడింది. నా అరచెయ్యి తెరిచి అందులో ఏదో పెట్టి వేళ్లు మూసింది.

“అనా తలత్తాష్” అంది. నేను పదమూడు అని.

ఇంకో మాట లేదు. కారు ఎక్కి వెళ్లిపోయింది. చెయ్యి తెరిస్తే ఎర్ర తాడున్న విజిల్.

చీపురు వదిలేశాను. పదమూడేళ్ల పిల్లా? మనిషి చూస్తే నా అంత ఎత్తుంది. మరి పదమూడు అంటుందేమిటి? గొంతు ఎక్కడో విన్నట్టుంది, ఎక్కడో తెలియదు. అది మనిషో కాదో కూడా నాకు రూఢిగా తెలియలేదు. ఆ విజిల్‌ను పారెయ్యడానికి భయం, దాచుకోవడానికీ భయం. గుడ్డలో చుట్టి ఆమె పెట్టెలో, ఆమె చీరల మధ్య పెట్టాను. ఆ పెట్టె ఆమె తల్లికి అప్పగిస్తానని మాటిచ్చాను.

ఇండియా వచ్చాక కడప జిల్లాలో వాళ్ల ఊరు వెళ్లాను. ఆమె చనిపోయి అప్పటికి ఏడాది. తల్లి వాకిట్లో కూర్చుని శనక్కాయలు కొలుస్తోంది. నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఒకే ఒక మాట అడిగింది.

“నా బిడ్డ ఏంటికమ్మా నీళ్లల్లోకి దిగె? ఊర్లో అందురూ అది కావాలనే చచ్చిపాయ అంటాండారు. నువ్వు పక్కనే ఉంటివి గదా.”

జిన్ను పిలిచిందని ఆ తల్లితో ఎలా చెప్పను? తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ మళ్లీ శేరు అందుకుంది.

“లాభం” అని మొదటి శేరు పక్కన చాటలో పోసింది.

రెండో శేరు గోతంలో పోస్తూ “ఒకటి” అంది.

మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

“అమ్మా, అదేంటమ్మా! లాభం అన్నాక రెండు కదా?”

“రెండెట్లయితాదిమ్మా? లాభం దేవునిది, లెక్కలోకి రాదు. దాన్ని పక్కన పెట్టినంక ఒకటి. మా ఇంట్లో అందురూ అట్లనే ఎంచుతాం. బిడ్డా అంతే.”

మీకు నవ్వు రావచ్చు, పిల్లలూ. చదువుకున్నవాళ్లు మీరు. చిన్నప్పటినుంచి శేరు లెక్క పట్టిన నోటికి అది లెక్క అని కూడా తెలియదు, ఊపిరిలా వస్తుంది. నేను లాభం, రెండు, మూడు అని పన్నెండు చెప్పేదాన్ని. ఆమె లాభం, ఒకటి, రెండు అని పదకొండు చెప్పేది. ఆ హాల్లో జిన్నూ లేదు, కనపడని పిల్లా లేదు. ఆమె ప్రతిసారీ మొదటి తలను దేవుడికి ఇచ్చేస్తోంది.

ఆ ముక్క తెలిశాక మిగతాది దానంతట అదే తెలిసింది. పన్నెండుమంది ఉంటే ఆమెకు పదకొండు వస్తుంది. మరి ఆ రోజు ఆమెకు నిజంగా పన్నెండు వచ్చింది. అంటే ఆ రోజు నీళ్లలో పదమూడు తలలు ఉన్నాయి.

మా లెక్కలు కలిసిన ఒకే ఒక్క రోజు అది. ఆ రోజే లెక్క తప్పు. నేనేమో సంతోషపడి టీ పెట్టుకున్నాను.

అనా తలత్తాష్. ఆ పిల్ల చెప్పింది వయసు కాదు. ఆ బొంగురు గొంతు కూడా అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లు చల్లగా ఉంటాయా అని అడిగిన గొంతు. తండ్రి సంతకం లేని పిల్ల, నేను గడియ వేయని తలుపులోంచి వచ్చి నీళ్లలో కలిసిపోయింది. వచ్చిన దారినే పోవాలి కాబట్టి అందరూ వెళ్లేదాకా లోతు వైపు దాక్కుని ఉంది. అక్కడ కాలు అందలేదు. పలకలు ఏరుతున్న మనిషికి ఒక తల కనిపించింది. కర్ర అవతలి గోడకు ఉంది, పలక విసిరినా అంది ఉండదు. విజిల్ ఒకసారి ఊదింది, రెండోసారికి ఊపిరి దాచుకోవలసి వచ్చింది. దిగొద్దు అన్న పాఠం ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా దిగింది. పిల్లను నిచ్చెన దాకా తోసింది. పిల్ల చేతిలో ఎర్ర తాడు ఉండిపోయింది.

ఆ పిల్ల నోరు విప్పి ఎందుకు చెప్పలేదని నేను కోపగించుకోను. చెబితే ఆమె ఇంట్లో ఏం జరిగేదో నాకు తెలియదు. వచ్చి తన అంకె నాకు చెప్పి వెళ్లింది. అర్థం చేసుకోలేనిది నేను.

పెట్టె తెరిచి, చీరల మధ్యనుంచి విజిల్ తీసి, ఇదంతా ఆ తల్లికి చెప్పాను. గడియ సంగతి చెప్పాను. పన్నెండు అని చెప్పమన్నది నేనేనని చెప్పాను. టీ సంగతి కూడా చెప్పాను. అంతా విన్నాక ఆవిడ అడిగింది.

“ఆ బిడ్డ బతికిందా?”

“బతికిందమ్మా. దీన్ని ఈ చేతిలోనే పెట్టింది.”

“అట్లయితే నా బిడ్డ ఎంచింది తప్పు కాదు.”

“కాదమ్మా.”

విజిల్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చాటలో పక్కన పెట్టిన మొదటి శేరు శనక్కాయల మీద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. శేరు ఎత్తి, “రెండు” అని మళ్లీ కొలవడం మొదలుపెట్టింది. చీకటి పడకముందే ఊళ్లోవాళ్లను నలుగురిని పిలిపించి, నాచేత మళ్లీ మొదటినుంచీ చెప్పించింది.

అంతే అమ్మడూ. నువ్వూ నీ తోటి పిల్లలూ రేపు ఎవరి పిల్లలనో నీళ్లలోకి దించే ఉద్యోగాలు చేస్తారు. మీ పుస్తకాల్లో చాలా ఉంటుంది, నాకు తెలియదు. నేను చెప్పేది ఒకటే. పక్కన నిలబడ్డ మనిషి ఎలా లెక్కపెడుతుందో ఒకసారి గొంతెత్తి చెప్పించుకోండి. మీ మాటే తన మాట కూడా అయితే మరీ తప్పకుండా చెప్పించుకోండి. లెక్క కలవనప్పుడు ఒకరి అంకె ఇంకొకరి నోట్లో పెట్టకండి. గడియ వెయ్యండి.

రాశావా? అయితే ఇప్పుడు నాకు చదివి వినిపించు. గబగబా చదవకు. ఆమె మాటలు ఆమె యాసలోనే చదువు, నీకు నోరు తిరక్కపోతే ఆగు, నేను చెబుతాను. ముందు ఆ కాగితాలు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టు. లాభం అనకు. ఒకటి నుంచి పెట్టు. ఊఁ, చదువు.